మంచు పోయాక మొదట వచ్చిన గుల్లలు

నా భార్య కుడి మణికట్టు విరిగిన తొమ్మిదో రోజున నా ఉద్యోగం పోయింది. వర్తూరు చెరువు పక్కన రోడ్డు తవ్వి వదిలేసిన చోట ఆమె స్కూటర్ జారి పడింది. నాకు జరిగింది అంతకంటే మెత్తగా జరిగింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఆఫీసులో ఒక చిన్న గదిలోకి పిలిచి, మంచినీళ్ల సీసా ముందు పెట్టి, నీ తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పి పంపించారు. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం ఏడేళ్లుగా నా పని.

ఇంటికి వచ్చేసరికి ఆమె కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, ఎడమచేత్తో పెరుగన్నం తింటోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. ఆమె చెంచా గిన్నెలో పెట్టి నా వైపు చూసింది.

"రా, కూసో. మనిద్దరికి కలిపి ఇప్పుడు మూడు చేతులున్నయి. చాలు" అంది.

మాది కర్నూలు వైపు, ఆమెది నదికి అవతల పాలమూరు. పెళ్లయి నాలుగేళ్లు. కె.ఆర్.పురంలో ఒక మేడమీది వాటాలో ఉంటాం. కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి. ఆమె తాతల కాలంలోనే ఆ కుటుంబం బెంగళూరు వచ్చేసింది. నేను ఆమెను అవ్వా అని పిలుస్తాను.

నా భార్య పని బురదతో. ఆ మాట మా బంధువుల్లో ఎవరికి చెప్పినా నవ్వుతారు. అంటార్కిటికా ఒడ్డున సముద్రం అడుగులోకి పొడవాటి గొట్టం దించి, పైకి తీసిన బురద అది. పెళ్లయిన కొత్తలో ఒకసారి తన ప్రయోగశాలలోని చల్లటి గదికి తీసుకెళ్లి చూపించింది. నేనేదో గొప్పగా ఊహించుకుని వెళ్లాను. నిలువునా చీల్చిన గొట్టంలో, మనిషి పొడవుకు కాస్త ఎక్కువగా, బురద పడుకుని ఉంది. అంతే.

"కింది కొసన చూడు" అంది. అక్కడ బూడిదరంగు మట్టి, గోరు దిగనంత గట్టిగా ఉంది. చిన్నా పెద్దా రాళ్లు ఒక వరుసా పాడూ లేకుండా అందులో ఇరుక్కుని ఉన్నాయి. మా వీధి చివర అపార్ట్‌మెంట్ కడుతున్న చోట ఒలికిపోయి గట్టిపడిన కాంక్రీటులా ఉంది. ఒకప్పుడు కొండంత మందం మంచు సముద్రపు అడుగు మీదే కూర్చుని, ఆ మట్టిని తొక్కి తొక్కి అలా చేసిందట. దాని పైన మట్టి మెత్తబడింది. సన్నని చారలు, ఎక్కడో ఒక ఒంటరి రాయి. మంచు లేచి వెనక్కి పోయాక, తేలిపోతున్న మంచుగడ్డలు కరుగుతూ జారవిడిచిన రాళ్లట అవి. ఇంకా పైకి వస్తే మట్టి ఆకుపచ్చకు తిరిగింది. అప్పటికి నీళ్ల మీద ఎండ పడింది, ఆ ఎండకు పెరిగి రాలిన కంటికి ఆనని నీటిమొక్కల గాజు పెంకులే ఆ పచ్చదనం అని చెప్పింది.

"ఇదంతా ఎన్నేళ్లు?" అని అడిగాను.

"అదే తెల్వాలె. మంచు లేచిపోయింది ఎప్పుడు అన్నదే నా పని." గట్టి మట్టి ఆగిపోయి మెత్తటి మట్టి మొదలైన చోట, తాకకుండా, వేలు గాలిలో ఆపి చూపించింది. "ఇగో, ఇక్కడ. మంచు పోయినంక ఈడికి మొదలు బతకడానికి వచ్చినోళ్ల గుల్లలు దొరికితే, వాటి వయసు కట్టొచ్చు. అప్పుడు సముద్రం వేడెక్కితే మంచు ఎంత తొందరగ పోయిందో తెలుస్తది. ఇప్పుడు పోయేది గూడ కొంచెం అర్థమైతది."

చేయి విరిగే నాటికి ఆ గుల్లలు ఏరే పనిలోనే ఉంది. బురదను జల్లెడలో కడిగి ఆరబెడితే చిటికెడు ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను నల్లటి పళ్లెంలో చల్లి, మైక్రోస్కోపు కింద, తడిపిన సన్నని కుంచెతో ఒక్కొక్క గుల్లనూ ఎత్తి, మధ్యలో నల్లటి గుంట, పైన మూత ఉన్న కాగితపు స్లైడ్‌లోకి చేర్చాలి. ఒక్కోటి బొంబాయి రవ్వలో సగం ఉంటుంది. వయసు కట్టే ప్రయోగశాల వేరే ఊళ్లో ఉంది. అక్కడికి పంపడానికి ఐదు వారాలే గడువు ఉంది. డాక్టరు ఆరు వారాలు చేయి కదపొద్దన్నాడు.

నా ఉద్యోగం పోయిన వారంలో ఆమె తన పై అధికారిని అడిగి, ఒక పాత మైక్రోస్కోపునూ కొన్ని చిన్న సీసాలనూ సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంది. ఆ పెద్దావిడ పదవీ విరమణకు దగ్గరలో ఉన్న శాస్త్రవేత్త. ఎవరితో ఏరిస్తావని అడిగితే, తప్పులు వెతికే మనిషి ఒకడు ఇంట్లో ఖాళీగా ఉన్నాడని చెప్పిందట.

మొదటి రోజు నేను ఏరినవన్నీ ఇసుకరేణువులే. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మెడ విరిగేలా కూర్చుని ముప్ఫై ఎత్తాను. ఆమె ఒంటికన్నుతో చూసి నవ్వు ఆపుకుంది.

"మెరిసేదంత గుల్ల కాదు. ఇసుక గూడ మెరుస్తది. గుల్ల పాలరంగుల ఉంటది. గదులు గదులుగ చుట్టుకొని, చిన్న నత్త లెక్క."

"ఇది గదులుగానే ఉందే?"

"అది ఇసుకరవ్వలు అతికించుకొని ఇల్లు కట్టుకునే జాతి. సున్నం ఉండదు, వయసు కట్టడానికి పనికిరాదు. దాన్ని ఉండనీ పాపం, మంచిగ కట్టుకుంది."

మూడో రోజుకు కన్ను తిరిగింది. వెయ్యి రేణువుల మధ్య ఒక్క గుల్ల ఉంటే అదే నన్ను పిలిచినట్టు కనిపించేది. ఆమె నా వెనక నిలబడి, మంచి చేతిని నా భుజం మీద ఆనించి ఉండేది. నా కుంచె గురి తప్పితే ఆమె వేళ్లు కొద్దిగా నొక్కేవి. అంతసేపు అంత దగ్గరగా మేము ఒకే పని ఎప్పుడూ చేయలేదు. అంతకుముందు నాలుగేళ్లూ నేను ఇంటికొచ్చేసరికి ఆమె అలసిపోయి ఉండేది, ఆమె వచ్చేసరికి నేను ఫోన్‌లో మీటింగ్‌లో ఉండేవాణ్ని. ఇప్పుడు పొద్దున ఆమె జడ నేను అల్లుతున్నాను. వంకరగా వచ్చేది. ఆమె అలాగే తిరిగేది.

పై పొరల గుల్లలు త్వరగానే వేరే స్లైడ్‌లలోకి చేరాయి. అన్నిటికంటే కిందిది, గట్టి మట్టి పైన మొదటి మెత్తటి పొర, అసలు కష్టం. అందులో గుల్లలు చాలా తక్కువ. రెండు వారాలు పట్టింది. చివరికి వంద పైచిలుకు దొరికాయి. అన్నీ ఒకే స్లైడ్‌లో పోగుపడ్డాయి. మిరియపు గింజంత కూడా లేని ఆ పోగును చూసి మేమిద్దరం బయటికెళ్లి మసాలా దోశ తిని వచ్చాం.

కొరియర్ వెళ్లడానికి ముందు రోజు ఆమె కట్టు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది. తోడు వస్తానంటే వద్దంది. స్లైడ్‌లోని గుల్లలను చివరిసారి చూసి, పగిలినవి ఉంటే తీసేయమని చెప్పింది. మధ్యాహ్నం మూడు గంటలకు నేను మూత తీసి, స్లైడ్‌ను కటకం కింద పెట్టి వంగాను.

కింద అవ్వ సాంబారు పొడికి ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెట్టింది. ఘాటు మెట్ల మీదుగా పైకి వచ్చింది. ముక్కు నలుపుకున్నాను. తల తిప్పాలని తెలుసు, తిప్పబోయాను. సగంలోనే తుమ్ము వచ్చేసింది.

మళ్లీ కటకంలోకి చూస్తే నల్లటి కాగితం కనిపించింది. మూలల్లో తొమ్మిది గుల్లలు మిగిలాయి.

 నేల వైపు చూశాను. తెల్లటి పలకల నేల మీద ధూళి, రవ్వ, మా చెప్పుల ఇసుక, వాటిలో ఎక్కడో అవి. ఉద్యోగం పోయినప్పుడు నీ తప్పు లేదన్నారు. ఇది మాత్రం నాదే.

ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడం కష్టం. బల్ల మీద ఇంకో సీసా ఉంది. ఆ పొరకు ఒక జానెడు పైన తీసిన మట్టి అది. అందులో అదే జాతి గుల్లలు బోలెడు. సీసా విప్పి పళ్లెంలో పోసుకున్నాను. నా చేయి అప్పటికి బాగా తిరిగి ఉంది. రెండు గంటల్లో స్లైడ్ నిండిపోయింది. మూత పెట్టి, చేతులు కడుక్కుని, ఆమె వచ్చేలోపు టీ పెట్టాను.

ఆమె వచ్చి చెప్పులైనా విప్పకుండా కటకంలోకి చూసింది. "అబ్బ, ఎంత శుభ్రంగ ఉన్నయ్! ఒక్కటి గూడ పగల్లేదు" అంది. వంగి ఉన్న నా తల మీద ముద్దు పెట్టింది. నేను టీ చల్లారిపోతోందన్నాను.

ఆ సాయంత్రం ఆమె డాక్టరు చెప్పిన సంగతులు చెబుతూ ఉంది. నేను ఊ కొడుతూ ఉన్నాను. మనసులో మాత్రం వాదన నడుస్తోంది. ఎవరికి తెలుస్తుంది? ఒక జానెడు మట్టి. ఎక్కడో ఎవరూ చూడని సముద్రం.

మరునాడు పొద్దున పెట్టె కట్టడానికి కూర్చున్నాం. ఆమె కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి చీటీ నేనే రాయాలి. గొట్టం సంఖ్య చెప్పింది, రాశాను. తన పేరు రాయమంది, రాశాను. తర్వాత ఆ పొర లోతు చెప్పింది.

పెన్ను కాగితం మీద పెట్టాను. అంకె రాలేదు.

"లోతు రాయ్" అంది మళ్లీ.

"రాయలేను."

"ఏం, పెన్ను రాస్తలేదా?"

"ఇవి ఆ లోతువి కావు" అన్నాను. ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. తుమ్ము, తొమ్మిది గుల్లలు, పై సీసా, టీ, అన్నీ చెప్పేశాను. నా పేరు ఎక్కడా లేని ఆ చీటీ మీద ఆమె పేరే ఉంది. దాన్ని చూస్తూ చెప్పాను, ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

ఆమె లేచి బాల్కనీలోకి వెళ్లింది. వీధిలో కొబ్బరిబోండాల బండి వెళ్లే చప్పుడు విన్నాను. కొంతసేపటికి తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"తుమ్ము ఎవలకైనా వస్తది. నాకు రెండుసార్లు వచ్చింది, చెప్పలే నీకు. కని ఈ పెట్టె ఇట్లనే అక్కడికి పోయి ఉంటే ఏమైతుండెనో తెలుసా? ఆ సముద్రం మీద మంచు ఇంక ఎన్నో వందల ఏండ్లు ఎక్కువ ఉండిపోతుండె. కాగితం మీద. నేనే ఉంచిన అవుతుండె. ఆ లెక్క పట్టుకొని ఇంకొకరు లెక్క కడుతుండె."

"నీకు చెప్పడానికి భయమేసింది."

"నేనంటే భయమా?"

"నువ్వంటే కాదు. అప్పటికే ఒక పనికి పనికిరానివాణ్నయ్యాను. రెండోదానికి కూడా అవుతానేమోనని."

ఆమె ఎడమచేయి చాచి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. తర్వాత, "ఏ దిక్కు తుమ్మినవ్?" అని అడిగింది.

కిటికీ వైపు చూపించాను. ఇద్దరం నేల మీద మోకాళ్లూనాం. ఇంతలో అవ్వ, కొత్తగా దంచిన సాంబారు పొడి గిన్నెలో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏం పోగొట్టుకున్నారప్పా? పొద్దున్నే నేల పాకతా ఉండారు?"

జరిగింది చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టి నోటి మీద చేయి వేసుకుంది.

"అయ్యో దేవుడా, నా మిరక్కాయలే చేసినాయా! స్వల్ప చెప్పుంటే పొయ్యి ఆపేస్తా ఉంటి కదప్పా."

"నీదేం లేదవ్వా, తల తిప్పాల్సింది నేను."

"బేజారు పడొద్దు పాపా" అని నా భార్య తల నిమిరి, కిందికి దిగి టార్చిలైటు తెచ్చింది. "దీన్ని నేల మీద పడుకోబెట్టప్పా. ఎత్తి పట్టుకుంటే కనపడదు. చెవి కమ్మ శీల పోతే ఇట్లే కదా వెతికేది."

టార్చి నేలకు ఆనించి వెలిగిస్తే ప్రతి రేణువుకూ పొడవాటి నీడ పడింది. మెత్తటి కుంచెతో ధూళిని కాగితాల మీదికి ఊడ్చాం. కడిగి, ఆరబెట్టి, కటకం కింద పెట్టాను. మధ్యాహ్నానికి నలభై దాకా గుల్లలు దొరికాయి. నేను ఉత్సాహంగా తలెత్తి చూస్తే ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

"ఇవి పంపరాదు."

"ఎందుకు? ఇవి మనవే కదా."

"ఏవి మనవి? నిన్న ఇదే బల్ల మీద పై సీసా విప్పినవ్. అందులవి గూడ రాలి ఉంటయ్. ఇప్పుడు ఏది ఏ పొరదో ఎట్ల చెప్తవ్?"

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. తుమ్ముతో పోయింది సగమే. దాన్ని కప్పిపుచ్చబోయి, దొరికినవాటిని కూడా నేనే పాడు చేశాను.

కొరియర్‌ను వెనక్కి పంపి, ఆ మధ్యాహ్నమే ఇద్దరం మెట్రో ఎక్కి ప్రయోగశాలకు వెళ్లాం. ఆమె ఒక్కతే చెబుతానంది, నేను ఒప్పుకోలేదు. పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదు, ఇంగ్లిష్‌లోనే అడిగింది. మిగిలిన ఆ తొమ్మిది గుల్లలూ స్లైడ్‌లోంచి కదల్లేదన్నది ఖాయమా అని అడిగింది. కాదు, వాటితోనే పై సీసాలోవి కూడా కలిపేశానన్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. గొట్టం రెండో సగాన్ని భవిష్యత్తు కోసం దాచి ఉంచుతారు, సాధారణంగా ఎవరూ ముట్టరు. ఆ పొర నుంచి ఒక్క వేలెడు ముక్క మాత్రం తీసుకోవచ్చంది. గడువు రెండు వారాలు పొడిగించమని తానే అడుగుతానంది. ఇంకో మాట కూడా అంది: ఈసారి పని ప్రయోగశాలలోనే జరగాలి, బల్ల మీద ఒక్క సీసాకు మించి ఉండకూడదు, ఏరేది ఆ అబ్బాయే.

బయటికొచ్చాక, "నన్నే ఎందుకు ఏరమంది?" అన్నాను.

"నీ అంత జాగ్రత్తగ ఇగ ఎవరు ఏరుతరు?" అంది నా భార్య.

ఆ ముక్కను నేనే కడిగాను. జల్లెడ మీద నీళ్లు సన్నగా పోస్తుంటే బూడిదరంగు బురద కరిగి కిందికి పోయింది, చిటికెడు ఇసుక మిగిలింది. పది రోజులు రోజూ పొద్దున ఆమెతోపాటు ప్రయోగశాలకు వెళ్లాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునేవాణ్ని. ఈసారి గుల్లలు ఇంకా తక్కువ. రోజుకు ఐదు, ఆరు. ఒకరోజు ఒక్కటీ లేదు. మంచు అప్పుడే లేచి పోయిన చోట, చీకటిగా, చల్లగా, తినడానికి ఏమీ లేని ఆ అడుగుకు వీటిలో మొదటిది ఎలా వచ్చిందా అని ఆలోచిస్తూ ఏరేవాణ్ని. అడిగితే ఆమె, "తెల్వదు. బహుశా నీళ్లతో కొట్టుకొచ్చింది. ఉండగలిగింది, ఉంది" అంది.

మొదటి పోగులో సగం కూడా కాలేదు. కొలిచి చూస్తే, వయసు కట్టడానికి సరిగ్గా సరిపోయే అంచున ఉంది. ఈసారి చీటీ మీద లోతు అంకె నేనే రాశాను. రాశాక ఆమె రెండుసార్లు చదివి, పెట్టె మూత అంటించింది.

రెండు నెలలు ఏ కబురూ లేదు. ఆమె కట్టు విప్పారు. సన్నబడిన చేయి చూసి అవ్వ రోజూ నువ్వులనూనె తెచ్చి రాయసాగింది. "ఎట్లుండాది పాపా, పిడికిలి ముయ్యి చూద్దాం" అనేది. నాకు ఇంకో కంపెనీలో పని దొరికింది, మళ్లీ తప్పులు వెతికే పనే. మొదటి వారంలో నా తప్పు ఒకటి నేనే ముందుగా చెప్పేశాను. టీమ్‌లో వాళ్లు వింతగా చూశారు.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది. ఊపిరి గట్టిగా వినిపిస్తోంది.

"వయసులు వచ్చినయ్."

"ఎలా ఉన్నాయి?"

"వరుసల ఉన్నయ్. కింది పొరది పైవాటికంటె పెద్దది. కొంచెం కాదు, మస్తు పెద్దది. మేము అనుకున్నదాని కన్న మంచు ముందే పోయింది." కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "గుల్లలు తక్కువ కదా, అటూ ఇటూ తేడా మాత్రం ఎక్కువే చూపించిన్రు. నివేదికల రాస్తున్న, మొదటి నమూనా చేతుల్ల పోయిందని, అందుకే తక్కువతోని చేసినమని."

"ఎవరి చేతుల్లో అని రాస్తావా?"

"మా చేతుల్ల అని రాసిన" అంది.

నేను కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను.  "పిచ్చి మొకమా, సాయంత్రం తొందరగ రా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇంటికి వెళ్లేసరికి ఆమె మెట్ల మీద అవ్వ పక్కన కూర్చుని అదే కథ చెబుతోంది. అన్ని వేల ఏళ్ల లెక్క విని అవ్వ బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

"అన్నేండ్లు ఆ చలిలో, ఆ చీకట్లో, ఒక్కరూ చూడకుండానే ఉండాయా అవి?" అంది.

"ఉన్నయవ్వా."

"పాపం" అంది అవ్వ. తర్వాత నాకు చోటిస్తూ మెట్టు మీద కాస్త జరిగింది. నేను మాత్రం వాళ్లిద్దరి కింది మెట్టు మీద కూర్చున్నాను. నా భార్య కుడిచేయి నా తల మీద పెట్టి జుట్టు చెదరగొట్టింది. వేళ్లలో ఇంకా పూర్తి బలం లేదు.